పాత ఎఫ్‌పీఎస్ గేముల మ్యూజిక్: ఎంతసేపు లూప్‌లో విన్నా విసుగు రాని ట్రాక్ మీకేది?

కీకార్డ్_వేట:

చాన్నాళ్లుగా అడుగుదామనుకుంటున్న టాపిక్ ఇది. పాత ఎఫ్‌పీఎస్ (ఫస్ట్-పర్సన్ షూటర్, అంటే మన కళ్లతోనే చూస్తున్నట్టు కాల్చుకుంటూ వెళ్లే) గేముల మ్యూజిక్ అనగానే అందరూ డూమ్ మొదటి లెవెల్ రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ ముక్క) దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. ఆ రిఫ్ గొప్పదే, అందులో రెండో మాట లేదు. కానీ ఆ లెవెల్ ఎంతసేపు ఆడతాం చెప్పండి, దారి తెలిసినవాడికి ఐదు నిమిషాలు కూడా పట్టదు, పాట మొహం మొత్తే లోపే లెవెల్ అయిపోతుంది. అసలు పరీక్ష తర్వాతి లెవెల్స్‌లో ఉంటుంది. రాక్షసులందరూ చచ్చి పడుంటారు, కారిడార్లన్నీ ఖాళీ, తలుపు తెరిచే పసుపు కీకార్డ్ ఎక్కడ దాచాడో తెలీదు, కనపడిన గోడనల్లా స్పేస్‌బార్‌తో నొక్కుకుంటూ తిరుగుతుంటాం, మ్యూజిక్ మాత్రం అదే లూప్ మళ్లీ మొదటి నుంచి వస్తూనే ఉంటుంది. అప్పుడు కూడా వాల్యూమ్ తగ్గించాలనిపించలేదంటే అదీ ట్రాక్ అంటే.

నా ఓటు డూమ్ ఫస్ట్ ఎపిసోడ్ ఐదో లెవెల్లో వచ్చే 'సస్పెన్స్'కి. డూమ్ కంపోజర్ బాబీ ప్రిన్స్ మెటల్ రిఫ్‌లు ఎంత బాగా రాశాడో ఇలాంటి మెల్లటివీ అంతే బాగా రాశాడు, వీటి గురించి మాట్లాడేవాళ్లే తక్కువ. మీవి చెప్పండి, ఎందుకో కూడా చెప్పండి, ఉత్త లిస్టులు వద్దు.

ఓపీఎల్_వీరుడు:

టాపిక్ అదిరింది బ్రో. కానీ ముందు ఒక మాట చెప్పు, 'సస్పెన్స్' ఏ కార్డు మీద విన్నావ్? ఇది తేలకుండా డూమ్ మ్యూజిక్ గురించి మాట్లాడుకోవడం కుదరదు.

కొత్తవాళ్ల కోసం చెప్తున్నా. డూమ్‌లో ఉన్నవి రికార్డింగులు కావు. ఏ వాయిద్యం, ఏ స్వరం, ఎంతసేపు అన్న సూచనలే ఫైల్లో ఉంటాయి, వాటిని పలికించాల్సింది మన సౌండ్ కార్డు. ఒకే పాటని ఒకరు హార్మోనియం మీద ఇంకొకరు గిటార్ మీద వాయించినట్టు, కార్డు మారితే పాట రూపమే మారిపోతుంది. ప్రిన్స్ రోలాండ్ ఎస్‌సీ-55 మాడ్యూల్ పెట్టుకుని కంపోజ్ చేశాడు, దాన్లో నిజం వాయిద్యాల శాంపిల్స్ ఉంటాయి. ఆడేవాళ్లలో ఎక్కువమంది దగ్గర ఉన్నది మాత్రం సౌండ్ బ్లాస్టర్, యమహా ఓపీఎల్ చిప్. ఇది ఎఫ్ఎం సింథసిస్, శాంపిల్ ఒక్కటి కూడా ఉండదు, ఒక వేవ్‌తో ఇంకో వేవ్‌ని కుదిపి కావలసిన శబ్దం పుట్టించుకోవాలి. ఓపీఎల్2లో ఒకేసారి 9 చానెళ్లు, ఓపీఎల్3లో 18, అంతే, మొత్తం బ్యాండ్ అందులోనే సర్దుకోవాలి.

ఓపీఎల్ మీద డిస్టార్షన్ గిటార్ గిటార్‌లా వినపడదు, అదొక గరగరమనే లోహపు రొద. నాకు అదే ఇష్టం. రోలాండ్ మీద వింటే ఎవరో స్టూడియోలో వాయిస్తున్నట్టుంటుంది, ఓపీఎల్ మీద వింటే ఆ బేస్‌లోని గోడలే మోగుతున్నట్టుంటుంది. ఇది ఎవరు కాదన్నా నేను ఒప్పుకోను.

నీ పరీక్షకి నా జవాబు ఉల్ఫెన్‌స్టైన్ 3డి, 1992. అక్కడ ఈ కార్డుల గొడవే లేదు, మ్యూజిక్ ఫైల్లో ఉన్నవి నేరుగా యాడ్‌లిబ్ కార్డులోని ఓపీఎల్2 చిప్‌కి వెళ్లే ఆదేశాలే, సెకనుకి 700 టిక్కుల లెక్కన నడుస్తాయి. అంటే కంపోజర్ విన్నదీ మనం విన్నదీ ఒకటే. ఒక ట్రాకులో మోర్స్ కోడ్‌తో రహస్య సందేశం కూడా పెట్టాడు ప్రిన్స్, ఆ టిక్ టిక్ శబ్దం రిథమ్‌లో భాగంగానే కలిసిపోయి ఉంటుంది. తెలిశాక వింటే ఒళ్లు జలదరిస్తుంది.

కీకార్డ్_వేట:

నేను విన్నది ఓపీఎల్ మీదే. రోలాండ్ వెర్షన్ తర్వాతెప్పుడో విన్నా, నున్నగా అనిపించింది, భయం పోయింది.

గోతిక్_గోడ:

మీ ఇద్దరూ స్వరాలున్న మ్యూజిక్ గురించే మాట్లాడుతున్నారు. లూప్ పరీక్ష అంటే అసలు గెలిచేది స్వరమే లేని మ్యూజిక్ కదండీ. క్వేక్, 1996, మ్యూజిక్ నైన్ ఇంచ్ నెయిల్స్ బ్యాండ్ ట్రెంట్ రెజ్నర్.

ఆయన పేరు చూసి ఇండస్ట్రియల్ రాక్ పాటలు వస్తాయనుకుని ఆడినవాళ్లకి అందులో దొరికింది గాలి, మూలుగులు, ఎక్కడో దూరంగా తిరుగుతున్న యంత్రం, అర్థం కాని గుసగుసలు. టైటిల్ థీమ్ తప్పితే గిటార్ పట్టుకుని పరిగెత్తించేది దాదాపు లేదు. అందుకే ఎక్కడ మొదలైందో ఎక్కడ ముగిసిందో తెలీదు, లూప్ తిరిగి వచ్చిందన్న స్పృహే రాదు. సౌండ్ ఎఫెక్ట్స్ కూడా ఆయన చేతివే కాబట్టి తలుపు చప్పుడు ఎక్కడ ఆగి మ్యూజిక్ ఎక్కడ మొదలవుతుందో గీత గీయలేం. హెడ్‌ఫోన్స్‌లో ఆడుతూ వెనక ఏదో ఉందని ఎన్నిసార్లు తిరిగి చూశానో, చూస్తే ఏమీ ఉండదు, ట్రాకులో శబ్దం అది. నెయిల్‌గన్ మేకుల పెట్టెల మీద ఆయన బ్యాండ్ లోగో ఉంటుంది, చూడనివాళ్లు ఈసారి దగ్గరికెళ్లి చూడండి.

ఇంకోటి, క్వేక్ మ్యూజిక్ సిడి మీద మామూలు ఆడియో ట్రాకులుగా ఉండేది. మొదటి ట్రాకు గేమ్ డేటా, రెండో ట్రాకు నుంచి పాటలు. గేమ్ చేసేదల్లా ఫలానా నంబర్ ట్రాకు వెయ్యమని డ్రైవ్‌కి చెప్పడమే. డ్రైవ్ నుంచి సౌండ్ కార్డుకి లోపల ఒక సన్నటి ఆడియో కేబుల్ పోతుంది, పీసీ బిగించినవాడు అది పెట్టడం మర్చిపోయాడా, మ్యూజిక్ లేదు. అలా ఏళ్ల తరబడి క్వేక్‌లో మ్యూజిక్కే ఉండదనుకుని ఆడినవాళ్లు నాకు తెలుసు.

స్ట్రోగ్_శీను:

అన్న నాకు ఈ పరీక్షే నచ్చలే. మ్యూజిక్ విసుగు రాకుంటే చాలా, ఊపు అక్కర్లేదా? అట్లయితే ఫ్యాన్ చప్పుడు కూడ పాస్ అయితది కదా.

క్వేక్ 2, 1997, సోనిక్ మేహెమ్. 'క్వాడ్ మెషిన్' మొదలైతే చేతులు వాటంతట అవే ముందుకురుకుతయి, హెల్త్ 20 ఉన్నా కూడ దాక్కోవాలనిపియ్యది. డ్రమ్స్, డౌన్‌ట్యూన్ చేసిన గిటార్లు, మధ్యలో ఎలక్ట్రానిక్ శబ్దాలు, అన్నీ యుద్ధం కోసమే. స్ట్రోగ్‌ల (దాన్ల శత్రువులు) ఫ్యాక్టరీలల్ల కన్వేయర్ బెల్టులు తిరుగుతుంటే ఆ మెటల్ అక్కడి మెషిన్లకెల్లే వస్తుందా అనిపిస్తది. మస్తు మంది క్వేక్ 1 మ్యూజిక్‌ని ఆర్ట్ అని, 2ని ఉత్త మెటల్ అని తీసిపారేస్తరు, నాకది అస్సలు నచ్చదు. మంచి యాక్షన్ ట్రాక్ రాసుడు అంత ఈజీ కాదు. రిఫ్ గుర్తుండాలె, కానీ తుపాకి చప్పుడుకు అడ్డం రావద్దు, మీదికెల్లి గేమ్ స్పీడుతోని సరిపోవాలె.

కీకార్డ్_వేట:

శీనూ, ఊపు వద్దని నేననలేదు. ఊపు ఉండి కూడా లూప్‌లో నిలబడాలి అంటున్నా. క్వేక్ 2లో గిడ్డంగుల దగ్గర స్విచ్ వెతుక్కుంటూ తిరిగేటప్పుడు కూడా ఆ గిటార్లు అలాగే వాయించేస్తుంటే నీకేం అనిపించలేదా?

సోర్స్_చదివేవాడు:

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు, మీ గొడవకి డూమ్, క్వేక్ చేసిన ఐడీ సాఫ్ట్‌వేర్ వాళ్లే జవాబు రాసి పెట్టారు, కోడ్‌లో ఉంది.

క్వేక్ 2 సోర్స్ కోడ్ 2001లో బయటికొచ్చింది కదా, అందులో సిడి మ్యూజిక్ నడిపే ఫైల్ తీసి చూడండి. రెండు సెట్టింగులు కనపడతాయి, సిడి లూప్‌కౌంట్ అని ఒకటి, సిడి లూప్‌ట్రాక్ అని ఒకటి. మొదటిదాని డిఫాల్ట్ 4, రెండోదానిది 11. అంటే ఒక లెవెల్లో ఒక పాట 4 సార్లు తిరిగేసిందంటే ప్లేయర్ దారి తప్పి తిరుగుతున్నాడని లెక్క, ఇక ఆ పాట ఆపేసి 11వ ట్రాకుకి మారిపోతుంది. పక్కనే కామెంట్‌లో దాన్ని యాంబియంట్ ట్రాక్ అని రాశారు కూడా. అంటే ఈ కీకార్డ్ వేట సమస్య వాళ్ల దృష్టిలో అప్పటికే ఉంది, మెటల్ పాట ఎంత బాగున్నా దానికొక హద్దుంటుందని వాళ్లకి తెలుసు, అందుకే అంత ఊపున్న గేమ్‌లో కూడా ఒక తప్పుకునే దారి పెట్టుకున్నారు.

స్ట్రోగ్_శీను:

ఇది నాకు కొత్త ముచ్చట. లెవెల్ మధ్యల మ్యూజిక్ ఉన్నట్టుండి చల్లబడేది, అది సిడి మీద గీతలు పడ్డందుకేమో అనుకునేటోన్ని చిన్నప్పుడు. అయితే 4 సార్లు ఇనేదాక ఓకే అని వాళ్లే అన్నరు కదా, అది నా పాయింటుకే బలం 😀

ఓపీఎల్_వీరుడు:

శీను అన్న తుపాకి చప్పుడు మాట మీద ఇంకోటి చెప్పాలి. డూమ్ చేసేటప్పుడు ప్రిన్స్ మ్యూజిక్ ఏ ఫ్రీక్వెన్సీల్లో ఉందో చూసుకుని సౌండ్ ఎఫెక్ట్స్‌ని దానికి దొరకని ఫ్రీక్వెన్సీల్లో పెట్టాడు. అందుకే ఎంత రొదలోనైనా తలుపు తెరుచుకున్న చప్పుడు, ఇంప్ అనే రాక్షసుడి అరుపు విడిగా వినపడతాయి. రెండూ ఒకే మనిషి చేస్తే వచ్చే లాభం అది, క్వేక్ గురించి గోతిక్ గారు చెప్పింది కూడా ఇదే కదా.

ట్రాకర్_ఆమని:

ఇంతసేపూ అన్‌రియల్ పేరు ఎవరూ ఎత్తలేదంటే నమ్మబుద్ధి కావట్లేదు. లూప్ సమస్యకి అసలైన మందు కనిపెట్టిన గేమ్ అది.

మీకు సూచనల ఫైల్ ఉంది, సిడి ఆడియో ఉంది. అన్‌రియల్ (1998) మూడో దారి పట్టింది, ట్రాకర్ మాడ్యూల్స్. అమిగా కంప్యూటర్ల రోజుల నుంచీ డెమోసీన్ వాళ్లు (కంప్యూటర్ మీద బొమ్మలు, మ్యూజిక్ కలిపి సరదాకి డెమోలు కట్టేవాళ్లు) వాడుతున్న పద్ధతి. స్వరాల సూచనలూ వాటిని పలికించే శాంపిల్సూ ఒకే ఫైల్లో కలిపి ఉంటాయి, కాబట్టి ఏ కార్డు ఉన్నా కంపోజర్ ఎంచుకున్న శబ్దమే వస్తుంది, ఫైల్ సైజేమో సిడి ఆడియోతో పోలిస్తే చిటికెడు. అలెగ్జాండర్ బ్రాండన్, మిఖీల్ వాన్ డెన్ బోస్ ఈ ప్రపంచం నుంచి వచ్చినవాళ్లే.

ఇప్పుడు అసలు విషయం. ట్రాకర్ పాట ప్యాటర్న్‌లుగా ఉంటుంది, ఏ ప్యాటర్న్ నుంచి ఏ ప్యాటర్న్‌కైనా దూకొచ్చు. అన్‌రియల్‌లో ఒకే ఫైల్లో ప్రశాంతంగా తిరిగే భాగం, పోట్లాట భాగం వేరువేరుగా పెట్టారు, లెవెల్లో ఏదైనా జరగగానే ఇంజిన్ ఆ భాగానికి దూకుతుంది, అయిపోయాక వెనక్కి వస్తుంది. సిడి డ్రైవ్‌తో ఇది చేయలేం, హెడ్ కదిలి కొత్త చోటు వెతుక్కునే లోపు పోట్లాట సగం అయిపోతుంది.

ఆడనివాళ్లకి ఒక్క చోటు చెప్తా. మొదటి లెవెల్ అంతా కూలిపోయిన జైలు నౌక లోపల, చీకటి, మెరిసి ఆరిపోయే లైట్లు, ఎవరో చచ్చిపోతున్న అరుపులు. దాన్నుంచి బయటికి అడుగు పెట్టగానే ఆకాశం, ఎదురుగా పెద్ద జలపాతం, ఎగురుతున్న పక్షులు, ఆ వెంటే మెల్లగా విచ్చుకునే మ్యూజిక్. తుపాకి చేతిలో ఉందన్న సంగతి మర్చిపోయి అలా నిలబడిపోతాం. షూటింగ్ గేమ్‌లో ఆగి నిలబడేలా చేసిన ట్రాకుకి మించి ఏం కావాలి?

ఇక అన్‌రియల్ టోర్నమెంట్‌లో 'ఫోర్‌గాన్ డిస్ట్రక్షన్' సంగతి వేరే చెప్పక్కర్లేదు. ఎదురెదురుగా రెండు టవర్లు, వెనక భూగోళం, స్నైపర్లు, ఇంత పోటీలో కూడా ఆ బ్రేక్‌బీట్ మీద పరుచుకున్న సింథ్ ఎంత తీరిగ్గా ఉంటుందో. డ్రమ్స్ పరిగెడుతుంటాయి, పైన స్వరం మాత్రం తొందరపడదు. అందుకే మ్యాచ్ తర్వాత మ్యాచ్ ఆడినా అలిసిపోం. ఊపు, ఓర్పు రెండూ ఒకే ట్రాకులో కావాలన్న శీనుగారికీ కీకార్డ్ గారికీ ఇదే నా రాజీ ప్రతిపాదన.

గోతిక్_గోడ:

ఆమని గారూ, అన్‌రియల్‌లో ఆ మారే చోట కుదుపు వినపడదా? నాకైతే కొన్ని చోట్ల ఉన్నట్టుండి కోసి అతికించినట్టుంటుంది.

ట్రాకర్_ఆమని:

కొన్ని చోట్ల వినపడుతుంది, నిజమే. కానీ అది శత్రువు కనపడిన క్షణం కాబట్టి ఉలికిపాటుకి పనికొస్తుంది. ఇంకా నున్నగా కావాలంటే నో వన్ లివ్స్ ఫరెవర్ (2000) వినండి, గై విట్‌మోర్ మైక్రోసాఫ్ట్ వాళ్ల డైరెక్ట్‌మ్యూజిక్ వాడి బీట్ తప్పకుండా మూడ్ మార్చాడు. మనం దాక్కుని ఉన్నప్పుడు బేస్ గిటార్ ఒక్కటే, గార్డు చూశాడంటే బ్రాస్ సెక్షన్ మొత్తం మీద పడుతుంది, కానీ తాళం తప్పదు. అరవైల స్పై సినిమాల బాణీ ఆ గేమ్‌కి ప్రాణం.

వాచ్_పాజ్:

స్పై అనగానే నా వంతు వచ్చింది. గోల్డెన్ఐ 007, నింటెండో 64, 1997. గ్రేం నార్గేట్, గ్రాంట్ కిర్క్‌హోప్.

మీరందరూ పీసీ వాళ్లు, సిడి ఉంది కాబట్టి ఎంత ఆడియో అయినా పెట్టుకున్నారు. ఇక్కడ కార్ట్రిడ్జ్ మొత్తం 12 ఎంబీ, లెవెల్స్, బొమ్మలు, అరుపులు, పాటలు అన్నీ అందులోనే. అందుకని చిన్న చిన్న శాంపిల్స్‌తో పాటలు కట్టారు, ఆ మెటాలిక్ చప్పుళ్లు, లోతైన డ్రమ్, అవే తిప్పి తిప్పి వాడటంతో గేమ్ మొత్తానికీ ఒకే గొంతు వచ్చింది. బాండ్ థీమ్‌లోని ఆ స్వరాలు చాలా లెవెల్స్‌లో ఎక్కడో ఒక చోట ఏదో ఒక వేషంలో తగులుతాయి. మంచు లెవెల్లో ఒకలా, ఫెసిలిటీలో ఒకలా.

నా ఫేవరెట్ లెవెల్ పాట కాదు, పాజ్ మ్యూజిక్. పాజ్ నొక్కితే బాండ్ చెయ్యెత్తి వాచ్ చూసుకుంటాడు, ఆ ట్రాక్ మొదలవుతుంది. మెనూలో చేసే పనేం లేకపోయినా దానికోసమే పాజ్ చేసి కూర్చునేవాళ్లం. ఇంకొక లెవెల్లో లిఫ్ట్ ఎక్కితే మామూలు లిఫ్టుల్లో వచ్చే మెత్తటి మ్యూజిక్ వస్తుంది, తలుపు తెరుచుకోగానే మళ్లీ కాల్పులు. ఇంత చిన్న చోట కూడా ఆలోచించారంటే ఆ టీమ్‌కి మ్యూజిక్ మీద ఎంత ప్రేమో చూడండి. అదే చేయి పర్ఫెక్ట్ డార్క్‌లో (2000) ఇంకా విచ్చుకుంది.

మ్యూట్_బటన్:

నేను అందరికీ ఎదురు చెప్తా. ఎఫ్‌పీఎస్‌కి మంచి మ్యూజిక్ అంటే ఎప్పుడు ఆగాలో తెలిసిన మ్యూజిక్.

హాఫ్-లైఫ్, 1998, కెల్లీ బెయిలీ. గేమ్‌లో చాలా భాగం మ్యూజిక్కే ఉండదు. వెంటిలేటర్ హోరు, పైపుల్లో నీళ్లు, దూరంగా సైనికుల వైర్‌లెస్ మాటలు, మన అడుగుల చప్పుడు. ఎక్కడో ఒక మలుపులో ట్రాక్ మొదలవుతుంది, కాసేపు ఉంటుంది, పోతుంది, మళ్లీ మనం ఒంటరి. లూప్‌లో విసుగు రాకుండా చేయడం గురించి మీరు మాట్లాడుతున్నారు, బెయిలీ అసలు లూపే పెట్టలేదు. అంత పొదుపుగా వాడాడు కాబట్టే వచ్చిన ప్రతిసారీ విలువ.

దీనికి తిరగేసిన ఉదాహరణ సిస్టమ్ షాక్ 2. 1999. ఎరిక్ బ్రోసియస్ మిగతావాళ్లతో కలిసి చేసిన మ్యూజిక్, విడిగా వింటే అద్భుతం, మెడికల్ డెక్ ట్రాక్ నేను ఇప్పటికీ పని చేసుకుంటూ వింటా. కానీ గేమ్‌లో మాత్రం ఆపేస్తా. ఖాళీ నౌకలో, శవాల మధ్య, పైపు పట్టుకుని పాక్కుంటూ వెళ్తుంటే ఆ డ్రమ్ బీట్ నాకు తోడొచ్చిన ఫీలింగ్ ఇస్తుంది, నాకు తోడు వద్దు అక్కడ.

కీకార్డ్_వేట:

సిస్టమ్ షాక్ 2 మ్యూజిక్ ఆపేస్తావా! ఆ నౌకలో అంతా పాడైపోయినా మ్యూజిక్ మాత్రం అంత ఉత్సాహంగా కొట్టుకోవడంలోనే కదా అసలు పిచ్చెక్కించే సంగతి ఉంది.

మ్యూట్_బటన్:

అలా అనేవాళ్లు చాలామంది ఉన్నారు, నాకు మాత్రం ఎక్కదు. ఒంటరితనం కావాలంటే ప్లేస్టేషన్ డూమ్ (1995) వినండి. లెవెల్స్ దాదాపు అవే, కానీ ఆబ్రీ హాడ్జెస్ ప్రిన్స్ పాటలన్నీ పక్కనపెట్టి చీకటి యాంబియంట్ పరిచాడు, సౌండ్ ఎఫెక్ట్స్ కూడా మార్చేశాడు. అదే హ్యాంగర్, అదే తలుపు, అదే జాంబీ, కానీ మొదటిదాంట్లో మనం వేటగాడు, రెండోదాంట్లో వేట. లెవెల్ డిజైన్ పెద్దగా కదలకుండా మ్యూజిక్, శబ్దాలు మార్చితే గేమ్ ఎంత మారుతుందో ఇంతకన్నా మంచి రుజువు లేదు. ఆయనే డూమ్ 64 (1997) కూడా చేశాడు.

ఓపీఎల్_వీరుడు:

దీనికి మాత్రం నేను తలొంచుతా. హాడ్జెస్ డూమ్ రాత్రి పూట ఆడలేను.

స్ట్రోగ్_శీను:

అందరు చీకటి చీకటి అంటున్నరు, ఎవరన్న నవ్వుకుంట కాల్చే గేముల గురించి చెప్పుర్రి. డ్యూక్ న్యూకెమ్ 3డిల (1996) లీ జాక్సన్ రాసిన 'గ్రాబ్‌బ్యాగ్', టైటిల్ స్క్రీన్ మీదనే కాలర్ పట్టుకుని గుంజుతది, 1999ల మెగాడెత్ వాళ్లు దాన్ని కవర్ చేసిన్రంటే ఇగ అర్థం చేసుకోర్రి. సీరియస్ సామ్ (2001) కూడ ఉంది, డామియన్ మ్రావునాట్స్. ఈజిప్ట్ గుళ్లల్ల తిరిగేటప్పుడు మెల్లగ ఒక బాణీ, శత్రువుల మంద ఉరికొచ్చుడుతోనే అదే లెవెల్ల గిటార్లు. మ్యూజిక్ మారిందంటే ఎన్కకు చూస్కోవాలె అని చెవులకు అలవాటైపోతది.

కొత్త_ప్లేయర్:

అన్నలూ అక్కలూ, నేను ఇవేవీ అప్పట్లో ఆడలేదు, కొత్తగా వచ్చిన పాత స్టైల్ షూటర్లు ఆడి ఇటు వచ్చా, డస్క్ (2018) మ్యూజిక్ విని పిచ్చెక్కి దాని మూలం వెతుక్కుంటూ ఈ థ్రెడ్ దొరికింది. మొదటిసారి వినేవాడు ఎలా వినాలి, డూమ్ 2024లో వచ్చిన వెర్షన్ ఉంది నా దగ్గర, దాంట్లో మ్యూజిక్ మార్చుకునే ఆప్షన్ ఉంది, ఏది పెట్టాలి? క్వేక్‌లో మ్యూజిక్ రాదని ఎక్కడో చదివా, నిజమేనా?

సోర్స్_చదివేవాడు:

డస్క్ మ్యూజిక్ చేసిన ఆండ్రూ హల్‌షుల్టే నువ్వు చెప్తున్న ఆ 2024 డూమ్‌లో ఉన్న ఐడీకేఎఫ్ఏ అనే మ్యూజిక్ వెర్షన్ కూడా చేశాడు, అంటే నువ్వు సరైన తీగే పట్టుకున్నావ్. అవి నిజం గిటార్లతో మళ్లీ వాయించినవి, బాగుంటాయి, కానీ ముందు పాత వెర్షన్ పెట్టి ఎపిసోడ్ ఒకటి పూర్తి చెయ్, అప్పుడు అతను ఏం ఉంచాడో ఏం మార్చాడో నీకే వినపడుతుంది.

పాత కార్డుల శబ్దమే కావాలంటే చాక్లెట్ డూమ్ లాంటి సోర్స్ పోర్ట్ (విడుదలైన కోడ్‌తో ఇప్పటి పీసీలకి ఫ్యాన్స్ కట్టిన వెర్షన్) తీసుకుని సెటప్‌లో ఓపీఎల్ ఎంచుకో. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, డూమ్ సోర్స్ 1997లో విడుదల చేసినప్పుడు అసలు డాస్ (అప్పటి పీసీల ఆపరేటింగ్ సిస్టమ్) సౌండ్ కోడ్ అందులో ఇవ్వలేదు, అది బయటివాళ్ల లైబ్రరీ కాబట్టి ఇచ్చే హక్కు లేదు. ఈ రోజు పోర్టుల్లో మనం వింటున్న ఓపీఎల్ డూమ్ అంతా తర్వాత ఫ్యాన్స్ కూర్చుని చిప్ ప్రవర్తనని కాపీ కొట్టి కట్టిందే. వాళ్లు లేకపోతే వీరుడు గారి గరగర మ్యూజియంలో ఉండేది.

క్వేక్ సంగతి నిజమే, మ్యూజిక్ సిడి ట్రాకుల్లో ఉండటంతో డౌన్‌లోడ్ వెర్షన్లలో చాలా ఏళ్లు అది లేకుండానే అమ్మారు. 2021 రీమాస్టర్‌లో మాత్రం ఉంది, అది తీసుకో. పాతదే ఉంటే, ఆ సిడి నీ దగ్గరుంటే, ట్రాకులు ఓజీజీ ఫైళ్లుగా తీసి ఐడీ1 ఫోల్డర్లో మ్యూజిక్ అని ఇంకో ఫోల్డర్ పెట్టి అందులో ట్రాక్02 నుంచి వరసగా పేర్లివ్వు, క్వేక్‌స్పాజం అనే సోర్స్ పోర్ట్ వాటిని పట్టుకుంటుంది. 02 నుంచే ఎందుకో గోతిక్ గారు పైన చెప్పారు.

ట్రాకర్_ఆమని:

అన్‌రియల్ వరకు ఒక్క మాట, పాటలు విడిగా ఆన్‌లైన్‌లో వినేటప్పుడు ఎక్కువగా అన్ని భాగాలూ వరసగా కలిపిన వెర్షన్లే దొరుకుతాయి, అందులో ఎక్కడ ఏది దూకుతుందో తెలీదు. మాడ్యూల్ ఫైల్ తెరిచే ప్లేయర్ ఒకటి పెట్టుకుంటే ప్యాటర్న్‌లు స్క్రీన్ మీద పైనుంచి కిందికి జారుతూ కనపడతాయి, ఏ చానెల్లో ఏ శాంపిల్ మోగుతోందో చూస్తూ వినొచ్చు, కావాలంటే ఒక్కో చానెల్ ఆపేసి మిగతాది వినొచ్చు. 'ఫోర్‌గాన్ డిస్ట్రక్షన్' డ్రమ్స్ ఆపేసి ఒకసారి విను.

కొత్త_ప్లేయర్:

థాంక్స్ అక్కా, థాంక్స్ అన్నా. డూమ్ ఓపీఎల్‌లో పెట్టి మొదలుపెట్టా, ఇప్పుడు నాలుగో లెవెల్. శీను అన్నా, క్వేక్ 2 ఆడేటప్పుడు ఆ లూప్‌కౌంట్ ఎంత పెట్టుకోమంటావ్?

స్ట్రోగ్_శీను:

ఎంత పెద్ద నంబర్ పడితే అంత పెట్టు తమ్మీ.